ముద్ర వేయని కర్ర

మా పూల్ హాల్ గోడకు రెండు మేకుల మీద అడ్డంగా ఉండే ఆ ఆట కర్రను మా ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను ముట్టనివ్వలేదు. ఆయన పోయాక రోజూ గుడ్డ పెట్టి తుడిచేదాన్ని, మళ్లీ మేకుల మీదే పెట్టేసేదాన్ని. అంతే నా సంబంధం. అలాంటి కర్రను ఒక సాయంత్రం ఆయన ప్రాణ స్నేహితుడు గోడ మీంచి దించి, చంకలో పెట్టుకుని, "చెల్లె, గిది నాదమ్మా. తీస్కపోత," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

హాల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. జహీరాబాద్ బస్టాండ్ వెనక సందులో ఒక షట్టరు, రెండు బల్లలు, మూలన కూల్‌డ్రింకుల ఫ్రిజ్. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు, బొంబాయి రోడ్డు మీద లారీ ఆపుకున్న డ్రైవర్లు, చెరుకు రైతుల ఇళ్ల మగపిల్లలు వస్తారు. ఆడవాళ్లు రారు. రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, కానీ రారు. నేను కూడా కౌంటర్ దగ్గరే కూర్చునేదాన్ని, బల్ల దగ్గరికి వెళ్లేదాన్ని కాదు.

అందరూ అన్నాలకు వెళ్లే వేళ మాత్రం హాల్ మాది. షట్టర్ సగం దించి మా ఆయన నాకు ఆట నేర్పేవాడు. నేను పొట్టిదాన్ని. అక్కడున్న కర్రలన్నీ మగవాళ్ల కొలతవి. వెనక్కి లాగితే గోడకు తగిలేది, లేదంటే నా నడుముకు తగిలేది. గోడకు సున్నం రాలిపోయి ఒక గుంట పడింది. "నీ హాల్ ఇరుకు, నీ కర్రలు పొడుగు, నీ తెలివి పొట్టి," అని తిట్టేదాన్ని. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాకైతే ఆ ఆటంటే పిచ్చి. బంతి పాకెట్లో పడేటప్పుడు వచ్చే ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒక ఎండాకాలం ఆయన ఎక్కడినుంచో కొత్త కర్ర పట్టుకొచ్చాడు. ముందు సగం తెల్లచెక్క, పాతదిలా ఉంది. వెనక సగం ముదురు ఎరుపు, నున్నగా, దాని మీద కాల్చినట్టు నల్లటి గీతలు. రెంటినీ ఇత్తడి మరతో కలిపారు. పేరు లేదు, అచ్చు లేదు, కంపెనీ బొమ్మ లేదు. ఆయనకు అది బాగా పొట్టి. దాంతో ఆడుతుంటే ఆరడుగుల మనిషి గూనివాడిలా వంగేవాడు, హాల్లో అందరూ పకపకా నవ్వేవాళ్లు. నేను చెయ్యి పెట్టబోతే గబుక్కున లాక్కునేవాడు.

"ముట్టకు. గది ఇంక పచ్చిగున్నది. జర ఆగు."

"కట్టె పచ్చిగుంటే నీకేం గాదు, నేను ముడితేనే ఖరాబైతదా?"

"నీకు సమజ్ గాదు. చెప్త తియ్ తర్వాత."

ఆ తర్వాత అనేది రాలేదు. వానలు పడుతుండగానే, ఒక పొద్దున షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. హాల్ నేనే నడుపుకొచ్చాను. మళ్లీ బల్ల దగ్గర మాత్రం వంగలేదు.

ఇక కర్ర తనదని వచ్చిన ఆ స్నేహితుడి సంగతి, నేను అన్నా అని పిలుస్తాను. మొగుడంపల్లి వైపు ఆసామి. చెరుకు, అల్లం వేస్తాడు. మా ఆయనా అతనూ చిన్ననాటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఆయన పోయినప్పుడు నా పక్కన నిలబడినవాడు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు, అదే నాకు మింగుడుపడలేదు. హాల్లో పాత కర్రలన్నీ తీసేసి కొత్తవి తెప్పిస్తున్నానని ఎవరో చెబితే పరుగున వచ్చాడట.

"పాతయన్ని పారేస్తున్నవని ఇన్న. గిదన్న దక్కించుకుందమని వచ్చిన," అన్నాడు. "కొత్తగ తెచ్చిననాడే అడిగిన వాణ్ని, ఎవరికి చేయించినవ్ రా, నీకైతే పొట్టిగున్నదని. నవ్విండు. నీకే అనుకోరా అన్నడు. నేను వాని అంత పొడుగున్ననా? నాకే చేయించిండు చెల్లె. నువ్వు దుఃఖంల ఉన్నవని ఇన్నొద్దులు నోరు తెరువలే."

"నీకే అనుకో అన్నడు. నీకే అనలే గద?"

"గదే మాట గద!"

"కాదు. చేసినోడు ఉంటడు గద అన్నా. ఎవరికోసం చేసిండో వానికెరుక. వాడు నీకే అంటే నేనే చేతిల పెడత. అప్పటిదాంక మేకు మీదికెళ్లి దించనియ్య."

"చేసినోడు ఎవడో నీకెరుకనా? పేరు లే, ముద్ర లే."

"ఎతికి పట్టుకొస్త."

అన్న తల ఊపి కర్రను జాగ్రత్తగా గోడ మీద పెట్టి వెళ్లాడు. నేను కౌంటర్ వెనక కూలబడ్డాను. కోపం అతని మీద కాదు. ముట్టకు, ముట్టకు అని నన్ను దూరం పెట్టింది ఇందుకేనా? దోస్తు కోసం దాచిపెట్టి నా దగ్గర పచ్చి కట్టె అని సాకులు చెప్పాడా? ఈ పురుగు తలలో దూరాక అన్నం సహించలేదు. కర్ర పోతే పోయింది, కానీ ఆయన అది ఎవరికోసం చేయించాడో తెలియకుండా మాత్రం ఉండలేననిపించింది. నేను ఒకటి పట్టుకుంటే ఉడుం పట్టే. మా అమ్మే చెప్పేది, నాతో వేగడం కంటే రాళ్లు కొట్టుకోవడం నయమని.

ముందు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాను. మా ఊరివాళ్ల సంగతి ఏం చెప్పను! ఇంటి ముందు పెద్ద రోడ్డు పోతుంది కదా, పనితనం కనబడిన ప్రతి వస్తువూ బొంబాయి లారీలోంచి దిగిందే వాళ్లకు. "బంబయ్ మాల్ అక్కా" అని ఒకడు, "పక్కా బంబయ్" అని ఇంకొకడు, ఎర్ర గుండె బొమ్మ పెట్టి ఊరుకున్నవాడు మరొకడు. హైదరాబాద్ వెళ్లి ఆటసామాన్ల దుకాణంలో చూపించాను. అతను కర్రను బల్ల మీద దొర్లించి చూసి, వంకర లేదని మెచ్చుకుని, పేరు లేని దాని గురించి తానేం చెప్పగలనన్నాడు. తిరిగొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బస్సులో కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే పక్కావిడ ఊరంతా వినబడేలా సణిగింది.

దారి చూపింది మా హాల్‌కు వచ్చే ఫ్యాక్టరీ తమ్ముడు. లేత్ మిషను మీద పనిచేస్తాడు. మర విప్పి సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు.

"అక్కా, గిది మిషిన్ మీద కోసింది కాదు. మర చేత్తోని కోసిండు. ఆకురాయి గీతలు చూడు, ఎట్ల కనవడుతున్నయో. ఇగ కింద గీ రబ్బరు టోపీ, కుర్చీ కాలికి తొడిగేది. కంపెనోడు కుర్చీ రబ్బరు వెడతడా? గిది బంబయ్ కాదు, ఏం గాదు. మన దిక్కుదే."

ఎగిరి గంతేసినంత పనిచేశాను. మన దిక్కుదే అంటే వెతకడం నా చేతిలో పని. ఇక వడ్రంగి దుకాణాలన్నీ తిరిగాను. కర్ర వెనక సగం మీది నల్ల గీతలే నాకు ఆధారం. లావుపాటి గీతకు ఒకవైపు రెండు సన్న గీతలు, ఇంకోవైపు ఒక్కటే. ఎవరైనా వేస్తే రెండువైపులా సమానంగా వేస్తారు. నేను ఇన్నాళ్లూ అది చెయ్యి తప్పి పడిందనుకున్నాను. వడ్రంగులూ అదే అన్నారు. ఒకాయన ఇంకో అడుగు వేసి, "ఎవడో నేర్చుకునేటోడు చేసిండమ్మా," అని పెదవి విరిచాడు. నాకెందుకో ఆయన మీద అంత కోపం వచ్చింది! నా కర్రే అయినట్టు పోట్లాడి వచ్చాను.

అలా తిరుగుతుండగా చిరాగ్‌పల్లిలో మా పెద్దమ్మ మనవరాలి బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేస్తున్నారని పిలిచారు. వెళ్లాను. ఆడవాళ్లంతా తొట్టెల చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపి, పిల్ల మొహం చూద్దామని వంగాను. చూపు తొట్టెల కోళ్ల మీద, ఆ చెక్క కాళ్ల మీద పడింది. పాత చెక్క తొట్టెల. నాలుగు కోళ్ల మీదా నల్ల గీతలు. లావుపాటిది ఒకటి, దానికి ఒకవైపు రెండు సన్నవి, ఇంకోవైపు ఒక్కటే.

పాట ఆపేసి నేల మీద కూర్చుని కోడును చేత్తో తడుముతున్నాను. పాట పాడేవాళ్లు కూడా ఆగిపోయారు.

"పిల్లను జూడవే అంటె కట్టెను జూస్తున్నవేందే!" అని పెద్దమ్మ అరిచింది.

"పెద్దమ్మా, గీ తొట్టెల ఎవరు చేసిన్రు?"

"ఎవరో ఏంది, ఖరాదీ సాబు. మా అత్త చేయించింది. మంచం కోళ్లు, తొట్టెలలు, చేతికర్రలు అన్ని ఆయనే తిప్పెటోడు."

"బతికున్నడా?"

"శుభమా అని తొట్టెలల ఏస్తుంటే గదేం మాటనే! నిక్షేపంగున్నడు. మీ జహీరాబాద్‌లనే, బీదర్ రోడ్డు దిక్కు గల్లీల ఉంటడు."

నేను హైదరాబాద్ దాకా వెళ్లొచ్చాను. మనిషి మా హాల్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్నాడు! పిల్ల చేతిలో పెట్టాల్సింది పెట్టి, పిల్లను ముద్దుపెట్టుకుని, పప్పన్నం కూడా తినకుండా లేచాను. పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట దెప్పుతుంది.

మర్నాడు పొద్దున్నే అన్నకు ఫోన్ చేశాను. "చేసినోడు దొరికిండు. ఇద్దరం కలిసి పోదం. నేనొక్కదాన్నే పోతే, నేనే ఆయనకు చెప్పి పఢాయించిన అంటవు."

"అట్లెట్ల అంట చెల్లె," అన్నాడు కానీ వెంటనే బయలుదేరి వచ్చాడు. ఇద్దరం బీదర్ రోడ్డు వైపు నడిచాం. కర్ర నా భుజం మీద ఉంది. నాకు భయంగా ఉంది. ఆ ముసలాయన అన్న మొహం చూసి ఇతనికోసమే అంటే ఇచ్చేయాలి, మాట ఇచ్చాను.

ఖరాదీ అంటే చెక్కను ఇరుసుకు బిగించి తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కేవాడు. ఆ గల్లీలో ఆయన దుకాణం ఒక రేకుల వసారా. గడ్డం తెల్లగా పండింది, కళ్లకు పొర వచ్చింది, అయినా చేతులు ఊరికే ఉండటం లేదు, ఒక చపాతీ కర్రను నున్నగా రుద్దుతున్నాడు. నేను కర్రను ఆయన చేతుల్లో పెట్టాను. చూడలేదు, వేళ్లతో తడిమాడు. గీతల దగ్గర వేళ్లు ఆగాయి.

"నా చేతిదే. వెనక సగం నేను చేసిన, ముంగటి సగం ఆయన తెచ్చిన పాత కర్రదే. బహుత్ సతాయించిండు మియా, ఇంక జర సన్నం, ఇంక జర హల్కా అని. ఏడి ఆయన? వానలైనంక తీస్కొని వస్త అన్నడు, రానే లేడు."

"ఆయన పోయిండు చాచా. ఆ వానలల్లనే."

ముసలాయన చపాతీ కర్ర పక్కన పెట్టి, రెండు అరచేతులూ పైకెత్తి నోట్లో ఏదో చదువుకున్నాడు. అన్న తల దించుకున్నాడు.

"వానలైనంక ఎందుకు తెమ్మన్నవ్ చాచా?" అని నేనే అడిగాను.

"లకడీ హై బేటీ, కట్టె గద. ఎండల చేస్తే వానల ఉబ్బుతది, వంగుతది, మర వదులైతది. ఒక వానాకాలం చూసి గూడ సీదా ఉంటేనే మా ఉస్తాద్ ముద్ర వేయనిచ్చెటోడు. నేను గూడ అంతే. చేసి ఇచ్చిన, ముద్ర వేయలే. నువ్వే ఆడుతుండు, చేతి వేడి తగలనియ్యి, వేరే ఎవ్వరికి ఇయ్యకు, వానలైనంక తీస్కరా అని చెప్పిన."

ముట్టకు, ఇంక పచ్చిగున్నది. ఆ మాట మా ఆయన గొంతుతోనే మళ్లీ వినబడింది. సాకు కాదన్నమాట. కానీ ఇంకా ఎవరికోసమో తేలలేదు.

అన్న గొంతు సవరించుకున్నాడు. "చాచా, ఒక్క మాట. గీ కర్ర ఎవరికోసం చేయించిండు? నాకని నేనంటున్న, గీ చెల్లె ఇయ్యనంటున్నది."

"పేరు నేనడగలే, ఆయన చెప్పలే," అన్నాడు ముసలాయన. ఇచ్చేయక తప్పదేమోనని కర్ర వైపు చూశాను. ఆయన మాత్రం కర్రను తిరగేసి, కింది రబ్బరు టోపీ అంచున ఉలి మొన దూర్చాడు. "మగోళ్లయితే ఇక్కడ్నే వచ్చి నిలవడతరు, నేను చూసి కొలుస్త. ఆడోళ్లు మా దుకాన్లకు రారు గద. చేతికర్ర గానీ, పీట గానీ, ఇంట్లోళ్లు దారం మీద కొలిచి ముడేసి తెస్తరు. ఆడమనిషి కొలత పారేయొద్దు, నిప్పుల వెయ్యొద్దు, వేరేటోళ్ల చేతుల వడొద్దు. మా ఉస్తాద్ హుకుం. ఎవరి కొలత వాళ్ల సామాన్లనే పెట్టి మూసేస్తం."

రబ్బరు ఊడింది. లోపల వేలు పట్టేంత తొలిచిన బొక్క. అందులోంచి చుట్టచుట్టిన ఎర్రటి దారం ఒకటి బయటికి లాగాడు.

దారం కాదు. నాడా. బజారు నాడాలు లంగాకు నిలవవని, పాత చీర అంచు సన్నగా చింపి జడలా నేనే అల్లుకుంటాను. అలా అల్లేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం చల్లగా ఉందని గచ్చు మీద పడుకున్నాను. లేచి చూస్తే, కొత్త లంగాకు ఎక్కిద్దామని తల దగ్గర పెట్టుకున్న ఎర్ర నాడా లేదు. ఇల్లంతా వెతికి, ఎలుక ఎత్తుకుపోయిందని ఎలుకను తిట్టి, మంచం జరపనందుకు ఆయన్నీ తిట్టాను. నిద్రలో నన్ను దాంతోనే కొలిచి ఎత్తుకెళ్లినవాడు, నాతోపాటు మంచం కింద వంగి వంగి వెతికాడు, దొంగ మొహం పెట్టుకుని!

ముసలాయన నాడాను అన్న చేతికి ఇచ్చాడు. "ఈమెకు అన్న వరుస గద నువ్వు. మడిమె కాడ ఒక కొస తొక్కిపట్టు, భుజం కాడ ముడి రావాలె."

అన్న ముందు తనకే పెట్టుకుని చూశాడు. ముడి అతని చంక కింద ఎక్కడో ఆగింది. తర్వాత నా ముందు కూర్చుని, నా మడమ దగ్గర కొస పెట్టి, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ముడి సరిగ్గా నా భుజం ఎముక మీద కూర్చుంది. అన్న ఆ ముడిని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంత పెద్ద మనిషికి కళ్ల నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

"వాడు నాతోని పరాచికమాడిండు చెల్లె," అన్నాడు. "నీకు ఆడొస్తదా? నాకొక్క మాట చెప్పలే!"

"ఎవ్వరికీ చెప్పలే అన్నా. సిగ్గు."

"సిగ్గెందుకే?"

ముసలాయన నన్ను వంగమన్నాడు. తన బల్లనే పూల్ బల్ల అనుకుని కర్ర పట్టమన్నాడు. వంగాను. ఎడమ చేతి వేళ్ల మధ్య కర్ర తనంతట తానే కుదురుకుంది. కుడి మోచెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. వెనక్కి లాగాను, ముందుకు తోశాను. నడుముకు తగల్లేదు, దేనికీ తగల్లేదు. ఇన్నేళ్లు దీన్ని గుడ్డపెట్టి తుడిచాను కానీ ఒక్కసారి కూడా ఇలా పట్టుకోలేదు. ఆయన ఇక లేడని తెలిసిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

"సీదా ఉన్నది," అన్నాడు ముసలాయన, మర వదులైందేమోనని చెవి దగ్గర కర్రను తిప్పుతూ. "ఒక వానాకాలం కాదు, మస్తు చూసింది. ముద్ర వెయ్యాల్నా?"

"వెయ్యి చాచా."

మేకు ఎర్రగా కాల్చి గీతల కింద చిన్న చుక్క, దాని పక్కన సన్నటి వంపు గీత వేశాడు. సన్నగా పొగ లేచింది. నాడా ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. దాని జాగా అదే అని మళ్లీ చుట్టచుట్టి లోపల పెట్టి రబ్బరు బిగించాడు. నేను కూడా పట్టుబట్టలేదు, నాకది కొత్త.

ఆ సాయంత్రం హాల్ నిండా జనం. షట్టర్ పూర్తిగా పైకి ఎత్తి ఉంది. నేను అలవాటు కొద్దీ కౌంటర్ వెనక్కి వెళ్లబోయాను. అన్న అడ్డంగా నిలబడి, బల్ల మీద ఆడుతున్నవాళ్లను పక్కకు జరిపి, బంతులన్నీ పోగేసి ముక్కోణంలో పేర్చాడు.

"చెల్లె, నువ్వే కొట్టాలె ముందు."

"అందరి ముంగటనా?"

"మరి గీ కర్ర ఎందుకు చేయించిండు వాడు?"

ఫ్యాక్టరీ తమ్ముడు ఆట మధ్యలో ఆపి చూస్తున్నాడు. ఒక లారీ డ్రైవర్ సీసా నోటి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. కొంగు నడుముకు దోపుకుని, కర్ర కొనకు చాక్ రాసి వంగాను. కొట్టాను. బంతులు బల్లంతా చెదిరాయి, ఒకటి మూల పాకెట్లోకి దొర్లి ఆ చప్పుడు చేసింది.

నేను గట్టిగా అరిచాను, గోడ మీది ఖాళీ మేకులకేసి చూస్తూ, "ఒక్క మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా, దొంగమొగడా!" అని. అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. అన్న మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బంతి పడితే తర్వాతి దెబ్బ కూడా పడగొట్టినవాళ్లదే. నాకు ఆయన నేర్పిన మొదటి మాట అది. నేను మళ్లీ వంగాను.